నాలుగో ఉత్తరం రాసింది నేను

మీ పరిశోధక విద్యార్థుల సంఘం అచ్చువేసిన ప్రత్యేక సంచిక నాకు పోస్టులో అందింది. మంచి కాగితం, మంచి అచ్చు. మొదట్లో సంఘం పూర్వచరిత్ర అని నాలుగు పేజీలున్నాయి. అందులో మా గురించి ఒకే ఒక వాక్యం రాశారు. అరవైల చివర్లో తెనాలి, బాపట్ల, రేపల్లె కేంద్రాల్లో జరిగిన తొలి ప్రయత్నం, కార్యదర్శే వెనక్కి తగ్గడంతో విఫలమైందని.

ఆ వాక్యం తప్పు. రాసిన పిల్లల తప్పు కాదు. వాళ్ళు అప్పటి మా సంఘం అధ్యక్షుడి దగ్గర విన్నారు. ఆయన నా దగ్గర విన్నాడు. ఆయన ఇప్పుడు లేడు, నేనున్నాను. గుండె మొరాయించడంతో యాభై ఒకటో ఏటే ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి, తీరిక లేదని తప్పించుకునే వీలు కూడా లేదు. కార్యదర్శి వెనక్కి తగ్గలేదు. తగ్గింది నేను. అది ఎలా జరిగిందో రాస్తాను. ఎవరి పేర్లూ రాయను. నా పేరు సంపాదకులకు తెలుసు, వేసుకోవాలనుకుంటే వేసుకోవచ్చు.

ముందు ఆ రోజుల ఏర్పాటు చెప్పాలి. మా విశ్వవిద్యాలయానికి ఈ ప్రాంతంలో మూడు చిన్న కేంద్రాలుండేవి. బాపట్లలో వరి మళ్ళు. రేపల్లెలో చౌడు నేలల మీద ప్రయోగాలు. తెనాలిలో విత్తనాలు పరీక్షించే గది. ఇప్పుడవేవీ ఆ రూపంలో లేవు. పై చదువులకని చేరిన మమ్మల్ని ఈ మూడు చోట్లకూ పంచేవారు. తెల్లవారగానే మడిలోకి దిగి వరి దుబ్బుకు ఎన్ని పిలకలు వేసిందో లెక్కపెట్టడం, మధ్యాహ్నం డిప్లొమా పిల్లలకు ప్రాక్టికల్ క్లాసులు చెప్పడం, సాయంత్రం వాళ్ళ రికార్డులు దిద్దడం. ఈ మధ్యలో ఎక్కడైనా ఖాళీ దొరికితే మా పరిశోధన.

సెలవు అడిగితే, విద్యార్థికి సెలవేంటయ్యా, నీ చదువు నీకోసమే కదా అనేవారు. సరే, విద్యార్థులమే కదా, పరీక్షలకు చదువుకోవాలి, నాలుగు రోజులు మడికి రాలేమంటే, పని ఎవరు చేస్తారు అనేవారు. అడిగే ప్రశ్నను బట్టి మేము విద్యార్థులమో ఉద్యోగులమో తేలేది. ఎటు తేలినా మాకు దక్కేది మాత్రం ఒకటే.

అయినా ఆ రోజులు తలుచుకోకుండా ఇప్పటికీ ఉండలేను. దానికి కారణం శనివారాలు.

రేపల్లె నుంచి వచ్చే రైలుకు తెనాలే ఆఖరు. బాపట్ల నుంచి నేనెక్కే ప్యాసింజరూ తెనాలి వస్తుంది. శనివారం మధ్యాహ్నం రెండున్నరకల్లా రేపల్లె కేంద్రంలో పనిచేసే మిత్రుడూ నేనూ ప్లాట్‌ఫాం మీద దిగేవాళ్ళం. తెనాలి కేంద్రంలో పనిచేసే ఆవిడ స్టేషన్ పక్కనే ఉన్న రైల్వే క్వార్టర్సు నుంచి నడిచి వచ్చేది. రేపల్లె రైలు ఆగే చోట, చివర్న ఒక సిమెంటు బల్ల ఉండేది. సాయంత్రం ఆ రైలు తిరిగి బయలుదేరేదాకా మా కొలువు అక్కడే.

రేపల్లె మిత్రుడు పొడగరి. ఉప్పు బురదలో నిలబడి నిలబడి కాళ్ళు బీటలువారి ఉండేవి. చర్చిలో నేర్చుకున్న కీర్తనలేవో లోలోపల పాడుకుంటూనే ఉండేవాడు, మనం మాట్లాడుతున్నా సరే. వాళ్ళ తాత కూలికి వెళ్ళేవాడు. నాన్న మిషన్ బడిలో పంతులు. నన్ను ఏరా అని పిలిచిన మొదటి స్నేహితుడు వాడే. మా ఊరు నందివెలుగులో నన్ను అలా పిలవగలిగినవాళ్ళు మా నాన్న, మా మేనమామ ఇద్దరే. మిగతా అందరికీ చినబాబునే. వాడు మొదటిసారి "ఏరా, ఆ టీ గ్లాసు ఇటివ్వు" అన్నప్పుడు నేను కొంచెం ఉలిక్కిపడ్డాను. తర్వాత వారం మొత్తం ఆ పిలుపు కోసం ఎదురుచూసేవాణ్ణి.

ఆవిడది బాపట్ల దగ్గర పల్లె. భర్త తెనాలి స్టేషన్‌లో గుమాస్తా. మూడు కేంద్రాల్లోనూ పరిశోధన చేస్తున్న ఆడమనిషి తనొక్కతే. తడిగుడ్డల మధ్య గింజలు పేర్చి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం ఆవిడ పని. రోజంతా తడిలో ఉండి వేళ్ళు ముడతలు పడి ఉండేవి. "నేను మొలకలు లెక్కపెడతాను, మీరు పిలకలు లెక్కపెడతారు, అన్నయ్యగారు చచ్చినవి లెక్కపెడతారు. ముగ్గురం కలిస్తే ఒక గింజ చదువు పూర్తవుతుందండి" అంది ఒకసారి. చౌడులో పైరు చచ్చిపోవడం మీద వాణ్ణి అందరూ ఏడిపించేవాళ్ళు. అందరికంటే గట్టిగా నవ్వేది వాడే.

ఆ బల్ల మీద మేము గొప్ప విషయాలేమీ మాట్లాడుకోలేదు. గైడ్లను అనుకరించేవాళ్ళం. ఆవిడ తెచ్చిన చేగోడీలు తినేవాళ్ళం. రేపల్లె రైలు కూత వేసేసరికి వాడు పరుగెత్తి ఎక్కడం, మేము చేయి ఊపడం. అంతే. ఆ తర్వాత ఉద్యోగంలో ఎన్నో సభల్లో, పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చున్నాను. ఆ బల్ల మీద కూర్చున్నంత నిండుగా ఎక్కడా కూర్చోలేదు.

అలాంటి ఒక శనివారం ఆవిడ చేగోడీలు తేలేదు. తనకు అయిదో నెలని, ప్రసవానికి ముందూ వెనకా కలిపి రెండు నెలలు సెలవు కావాలని కేంద్రం అధికారిని అడిగిందట. ఆయన చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి నెమ్మదిగానే చెప్పాడట, ఉద్యోగస్తురాలికైతే ప్రసూతి సెలవు ఉంటుందమ్మా, విద్యార్థికి ఎక్కడుంది, హాజరు తగ్గితే పేరు తీసేయాల్సిందే అని. ఆవిడది మూడేళ్ళ పని. ఆఖరి పంట విత్తనాలు పరీక్షిస్తే పుస్తకం రాసి ఇచ్చేయడమే. పేరు తీసేస్తే ఆ మూడేళ్ళూ నీళ్ళపాలు.

"పోనీ విద్యార్థినే అనుకుంటాను, ఆదివారాలు వచ్చి లెక్కపెట్టమనకండి అన్నానండి. పని ఆగుతుందామ్మా అన్నారు" అని చెప్పింది. ఏడవలేదు. నవ్వనూ లేదు.

రేపల్లె మిత్రుడు కీర్తన ఆపేశాడు. అప్పుడన్నాడు, మనం సంఘం పెడదాం, కార్మికుల చట్టం కింద రిజిస్టరు చేయిద్దాం అని. సంఘమంటూ ఉంటే, వీళ్ళు పనిచేసేవాళ్ళే అని సర్కారు ఒప్పుకున్నట్టు. ఒకసారి పనిచేసేవాళ్ళమని ఒప్పుకున్నాక ఆవిడ సెలవు కాదనడం కష్టం. చట్టం వాడు ముందే చదువుకుని వచ్చాడు. ఏడుగురు సంతకాలు పెడితే చాలు. దరఖాస్తు తేలేలోగా సగం మందికి మించి తప్పుకుంటే మాత్రం అది చెల్లదు.

మేము ముగ్గురం. ఇంకో నలుగురు దొరికారు. వాళ్ళలో వయసులో పెద్దవాణ్ణి అధ్యక్షుడిగా పెట్టుకున్నాం. రేపల్లె మిత్రుడు కార్యదర్శి. మరో శనివారం అదే బల్ల మీద ఫారం నింపాం. ఇంగ్లీషు ఫారం. పేరు, వృత్తి, ఇంటి చిరునామా అని గళ్ళు. వృత్తి దగ్గర కలం ఆగింది. విద్యార్థి అని రాస్తే మొదటికే మోసం. అప్పుడు నేనే అన్నాను, రీసెర్చ్ వర్కర్ అని రాద్దామని. అందరికీ నచ్చింది. పలకడానికి దర్జాగా ఉంది. ఏడు గళ్ళలోనూ అదే రాశాం.

రాయడం అయ్యాక వాడు కాగితాన్ని కాసేపు చూసి, "ఇంగ్లీషులో బానే ఉంది. ఇదే మాట తెలుగులో అంటే కూడా అందరూ సంతకం పెడతారా?" అన్నాడు.

మేము నవ్వాం. వాడు నవ్వలేదు. ఆ ప్రశ్న వాడు నన్నే అడిగాడని నాకు అప్పుడు తట్టలేదు.

వాడు గుంటూరు వెళ్ళి కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి వచ్చాడు. పది రోజుల్లో సంగతి మా గైడ్లకు తెలిసింది. ఒక్కొక్కరినీ పిలిచారు. బెదిరింపులేమీ లేవు. నీ భవిష్యత్తు, మీ నాన్నగారి ఆశ, ఇలాంటి మాటలు. ఒకడు సంతకం వెనక్కి తీసుకుంటున్నానని గుంటూరుకు ఉత్తరం రాసి తప్పుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరు. ముగ్గురూ దాచలేదు పాపం. తెనాలి వచ్చి మా ముఖాల మీదే చెప్పారు. ఒకడైతే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కార్యదర్శి వాడి భుజం తట్టి టీ తాగించి పంపించాడు.

తర్వాత మాతో, "ముగ్గురు పోయినా ఫరవాలేదు. మనం నలుగురం నిలబడితే దరఖాస్తు నిలబడుతుంది. నాలుగో వాడు కదిలితేనే చస్తాం" అన్నాడు. అంత స్పష్టంగా చెప్పాడు. అందువల్ల నాకు తెలియక చేశానని చెప్పుకునే దారి లేదు. నా గైడు కూడా నన్ను పిలిచాడు. ఆయన ముందు నేను బాగానే నిలబడ్డాను. ఆ పూట నా మీద నాకు బోలెడు గౌరవం కలిగింది.

కోతల రోజులు వచ్చాయి. ప్రయోగం మళ్ళు ముందే కోసేశాం కాబట్టి రెండు రోజులు నందివెలుగు వెళ్ళాను. ఆ ఉదయం నాన్న అరుగు మీద మంగలి ముందు కూర్చుని గడ్డం గీయించుకుంటున్నారు. మా పాలేరు మెట్ల దగ్గర కూర్చుని మోపులకు తాళ్ళు పేనుతున్నాడు. నేను లోపలి గదిలో ఉన్నాను. పోస్టుమాన్ వచ్చి చినబాబు గారికి సర్కారు ఉత్తరమని చెప్పాడు. ముఖాన సబ్బు ఉంది కదా, నాన్న అతన్నే చదవమన్నారు.

ఆఫీసుల్లో తెలుగు వాడాలని కొత్తగా మొదలైన రోజులవి. కార్మిక శాఖలో ఏ గుమాస్తాకో ఉత్సాహం ఉన్నట్టుంది. దరఖాస్తులో సంతకాలు మావేనా కాదా అని ఇళ్ళకు రాసిన ఆ ఉత్తరం పూర్తిగా తెలుగులో ఉంది. పోస్టుమాన్ బడిపిల్లాడిలా గట్టిగా చదివాడు. నా పేరు, తండ్రి పేరు, ఊరి పేరు. తర్వాత, వృత్తి: పరిశోధన పనివాడు.

మంగలి కత్తి ఆపాడు. పాలేరు తల ఎత్తాడు. నన్ను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు, వెక్కిరింపు ఎరగనివాడు. మనస్ఫూర్తిగా సంతోషించి అన్నాడు. "అయితే చినబాబుగారూ మా జట్టేనన్నమాటండి. ఇంకనేం, మధ్యాన్నం వరివాము కాడికి రమ్మనండి, ఓ చెయ్యేత్తారు."

మంగలి నవ్వు ఆపుకోలేకపోయాడు. పోస్టుమాన్ కూడా నవ్వాడు. నాన్న నవ్వలేదు, కోప్పడలేదు. గడ్డం పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నారు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని లోపలికి వస్తూ, గుమ్మంలో నన్ను చూసి మెల్లగా అన్నారు.

"మనింట్లో పనివాళ్ళు అన్నం తింటారు. పనివాళ్ళు పుట్టరు."

అని స్నానానికి వెళ్ళిపోయారు. అంతే. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. సంతకం వెనక్కి తీసుకోమని ఆయన అనలేదు. ఎవరూ అనలేదు. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే చాలాకాలం నాలో నేను, పెద్దవాళ్ళ ఒత్తిడి, రోజులు అలాంటివి, అని చెప్పుకున్నాను. ఒత్తిడి లేదు. వర్కర్ అన్నప్పుడు ఛాతీ విరుచుకున్నవాణ్ణి, పనివాడు అనేసరికి మా పాలేరు పక్కన మెట్ల మీద కూర్చోబెట్టినట్టు అయిపోయాను. ఒకే మాట. ఒక భాషలో బిరుదు, ఇంకో భాషలో అవమానం. మధ్యలో ఉన్నది మా పాలేరు ఒక్కడే. వాడు నాకు చేసిన అన్యాయమేమిటంటే, నన్ను తనవాడనుకోవడం.

మధ్యాహ్నం సైకిలు మీద తెనాలి పోస్టాఫీసుకు వెళ్ళి, అక్కడి బల్ల దగ్గర నిలబడి ఉత్తరం రాశాను. సంఘంతో నాకు సంబంధం లేదని, సంతకం ఉపసంహరించుకుంటున్నానని రాసి, ఆపకుండా ఇంకో వాక్యం రాశాను. మేము విద్యార్థులమే గాని పనివాళ్ళము కాము.

నేను అని రాయాల్సింది. మేము అని రాశాను. అది కావాలని చేసింది కాదు. మా ఇంట్లో ఉత్తరాలన్నీ మేముతోనే నడుస్తాయి. మేము క్షేమము, మేము వచ్చెదము. రాసేది ఒక్కడే అయినా మేమే. ఆ అలవాటు నా చేతిలో ఉంది. నా పేరు పనివాళ్ళ జాబితాలో లేదని అక్కడా తెలియాలని, ఒక నకలు విశ్వవిద్యాలయానికి కూడా పంపాను. గైడు ముందు నిలబడ్డ ధైర్యమంతా ఆ నకలుతో సరిపోయింది.

రెండు వారాలకు దరఖాస్తు చెల్లదని కార్యదర్శికి కబురొచ్చింది. ఏడుగురిలో నలుగురు తప్పుకున్నారని మాత్రమే అందులో ఉంది, పేర్లు లేవు. ఆ శనివారం వాడు తెనాలి రాలేదు. ఫైలు చూపించమని అడగడానికి గుంటూరు వెళ్ళాడు. బల్ల దగ్గర అధ్యక్షుడు, ఆవిడ, నేను ఉన్నాం. ఆవిడ చేతిలో గొడుగు ఉంది. దాన్ని తెరవడం మూయడం చేస్తోంది.

అధ్యక్షుడు, "కార్యదర్శిగారికి పరిశోధన గడువు ఇంకో ఏడాది పొడిగించార్ట, విన్నారా?" అన్నాడు.

ఆ పొడిగింపు సంగతి నాకు తెలుసు. అంతకుముందు తుఫానుకు పోటు నీళ్ళు ఎక్కి వాడి మళ్ళు పోయాయి. ఇంకో పంట వేయనివ్వమని సంఘం మాట పుట్టకముందే అర్జీ పెట్టుకున్నాడు. ఆ అర్జీ రాసిపెట్టింది నేను. ఒక్క మాట చెబితే అయిపోయేది. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

"ఏమోనండి. ఎవడి అవసరం వాడిది" అన్నాను.

ఆవిడ గొడుగు ఆడించడం ఆపేసింది. ఉత్తరం రాయడం ఒక తప్పు. సిగ్గుతో, తొందరలో చేసిన తప్పు. ఈ మాట అలాంటిది కాదు. తాపీగా, బల్ల మీద కూర్చుని, టీ గ్లాసు చేతిలో పెట్టుకుని అన్న మాట. మీ సంచికలో అచ్చయిన వాక్యం ఆ రోజు అక్కడ పుట్టింది.

పై శనివారం నేనొక్కణ్ణే ఉన్నాను. రేపల్లె రైలు దిగి వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. మిగతావాళ్ళు రాలేదేమని అడగలేదు. నా వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. ఫైలు చూపించారా అని అడగడానికి నోరు రాలేదు. చివరికి వాడే, "టీ తాగుదామా?" అన్నాడు. తాగాం. వాడికి తెలియలేదనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. కీర్తన పాడలేదని ఇంటికి వెళ్ళాక గమనించాను.

ఆవిడకు ఎనిమిదో నెలలో నోటీసు వచ్చింది. హాజరు చాలనందున పేరు తొలగించదలచామని, వారంలోగా చెప్పుకునేది ఉంటే చెప్పుకోమని. అధ్యక్షుడు దాని నకలు నాకు చూపించాడు. తాను పనిచేసే మనిషినని, సెలవు తన హక్కని ఆవిడ పెట్టుకున్న విన్నపానికి జవాబుగా అందులో ఒక పేరా ఉంది. ఈ విషయం సంఘం సభ్యులే రాతపూర్వకంగా ఒప్పుకున్నారని చెప్పి, నా వాక్యాన్ని అక్షరం మార్చకుండా దించారు. మేము విద్యార్థులమే గాని పనివాళ్ళము కాము. ఆ మేములో ఆవిడ కూడా ఉంది. నా ఇంటి గొప్ప కోసం అలవాటుగా పడిన ఒక్క మాటలోకి ఆవిడ మూడేళ్ళు పోయాయి.

వారం గడువుంది. ఆ మేము నేనొక్కణ్ణేనని, మిగతావాళ్ళ మాట అది కాదని నేను ఒక కాగితం రాసి ఇస్తే ఏమయ్యేదో చెప్పలేను. ఏమీ అయ్యేది కాదేమో. రాయలేదు కాబట్టి ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలియదు. ఆ వారంలో రోజూ మడిలోకి వెళ్ళాను. పిలకలు లెక్కపెట్టాను. ఆ లెక్కల్లో ఒక్క తప్పు కూడా లేదు.

ఆవిడ పేరు తీసేశారు. మళ్ళీ స్టేషన్‌కు రాలేదు. కార్యదర్శి రాసిన రెండు ఉత్తరాలూ విప్పకుండా తిప్పి పంపిందని తర్వాత విన్నాను. కొన్నాళ్ళకు భర్తకు బదిలీ అయి బాపట్ల వెళ్ళిపోయారు. ఆవిడ అక్కడ ఒక బాలికల పాఠశాలలో సైన్సు టీచరైంది. వాడు పరిశోధన పూర్తిచేశాడు గాని, సంఘం పెట్టినవాడని విశ్వవిద్యాలయంలో ఎవరూ చేర్చుకోలేదు. చెల్లని సంఘమైనా పెట్టినవాడు పెట్టినవాడే కదా. రేపల్లెలో వాళ్ళ నాన్న లాగే ఒక మిషన్ బడిలో మాస్టరయ్యాడు. నాకు ఉద్యోగం వచ్చింది. పైకి వెళ్ళాను. పరిశోధక విద్యార్థుల సెలవులు ఖరారు చేసే కమిటీలో కూడా కూర్చున్నాను. అడిగిన ఏ ఆడపిల్లకూ సెలవు కాదనలేదు. మీలో కొందరు నన్ను దయగలవాడనుకున్నారు. అది దయ కాదు.

వాళ్ళిద్దరినీ ఇరవై అయిదేళ్ళలో ఒక్కసారి కూడా కలవలేదు. తెనాలి మీదుగా ఎన్నోసార్లు రైల్లో వెళ్ళాను. స్టేషన్ వచ్చే ముందు పుస్తకం తెరిచేవాణ్ణి.

మీ సంచిక వచ్చిన వారానికి రేపల్లె రైలెక్కాను. ఆ వాక్యం సరిదిద్దుతూ రాయాలంటే ముందు వాడికి చెప్పాలి కదా. ఆదివారం, వాడు ఇంట్లో వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చూడగానే "ఏరా" అన్నాడు, పోయిన శనివారమే విడిపోయినట్టు. ఆ ఒక్క పిలుపుకే నేను తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను.

సంచిక చూపించాను. వాడు చదివి మడిచి ఇచ్చేశాడు. అప్పుడు చెప్పాను, నాలుగో ఉత్తరం నాదేనని.

"తెలుసు" అన్నాడు. చేతిలో ఉన్న పేపరు దిద్దడం పూర్తిచేసి పక్కన పెట్టాడు. "గుంటూరులో ఫైలు చూపించారు. నీ దస్తూరీ నాకు తెలీదా?"

అంటే ఆ టీ తాగిన శనివారానికే వాడికి తెలుసు.

"మరి ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వే చెప్తావని చూశాను. ఆ వారం చూశాను. ఆ ఏడాదంతా చూశాను. తర్వాత నేను చెప్పినా ఎవరు నమ్ముతారు? మాట పడ్డవాడు ఇంకోడి మీదకి నెడుతున్నాడంటారు."

క్షమించమన్నాను. వాడు ఇంకో పేపరు తీసి కాసేపు చదివాడు. చదవడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. "నాకెందుకురా చెప్పడం. తెలిసినవాడికి చెప్పడం సుళువు. బాపట్ల వెళ్ళు" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బాపట్ల వెళ్ళాను. ఆవిడ అప్పుడే బడి నుంచి వచ్చినట్టుంది, చీర కొంగుకు సుద్ద అంటి ఉంది. భర్త డ్యూటీకి వెళ్ళాడు. ఆనాడు కడుపులో ఉన్న అమ్మాయి ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోందని చెప్పింది. కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది. నేను గ్లాసు పట్టుకునే మొదలుపెట్టాను. ఎవడి అవసరం వాడిదని ఆ రోజు నేనన్న మాట అబద్ధమని, పొడిగింపు అర్జీ సంగతి నాకు ముందే తెలుసని చెప్పాను. ఉత్తరం రాసింది నేనని చెప్పాను. పోస్టుమాన్ చదివిన ఉత్తరం గురించీ, మా పాలేరు గురించీ చెప్పాను. ఎలా రాశానో చెప్పబోయి, "మేము విద్యార్థులమే గాని..." దగ్గర ఆగిపోయాను.

"పనివాళ్ళము కాము" అని ఆవిడ పూర్తిచేసింది. పాఠం అప్పజెప్పినట్టు, తడుముకోకుండా.

ఆవిడ కొంగుకున్న సుద్ద దులుపుకుంది. అది అప్పటికే పోయింది, అయినా దులుపుతూనే ఉంది.

"ఇన్నేళ్ళూ ఈ మాట అన్నయ్యగారి గొంతుతో విన్నానండి" అంది.

లేచి లోపలికి వెళ్ళింది. నన్ను వెళ్ళమని చెప్పలేక వెళ్ళిందనుకుని నేను లేచి నిలబడ్డాను. ఆవిడ చేతిసంచితో బయటకు వచ్చింది, రెండో చేతిలో వీధి తలుపుకు వేసే తాళం ఉంది.

"రేపల్లెకి బస్సు ఎన్నింటికుందో తెలుసాండి?"

నాలుగింటికి ఉందన్నాను. పక్కింటావిడకు తాళంచెవి ఇచ్చి, ఆయనొస్తే రేపల్లె వెళ్ళానని చెప్పమంది. ఇద్దరం బస్టాండు దాకా నడిచాం. నా నడక వేగం తగ్గినప్పుడు ఆగి, నేను కలిశాక కదిలింది. బస్సు సగం ఖాళీగా ఉంది. ఆవిడ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. వాడు దిద్దుతున్న పేపర్ల ముందు ఆవిడ వెళ్ళి నిలబడటం నాకు కనిపించింది. వాడు ఏమని పిలుస్తాడో వినాలనిపించింది. ఇరవై అయిదేళ్ళుగా నేను కోరుకున్నది ఏమైనా ఉంటే అదొక్కటే. నేను కూడా మెట్టు మీద కాలు పెట్టాను.

ఆవిడ కిటికీలోంచి చూసింది. కోపం లేదు.

"ఈ పూటకి మీరు రావద్దండి" అంది.

కాలు తీసేశాను. బస్సు వెళ్ళిపోయింది. ఈ పూటకి అంది. ఆ ఒక్క మాటను పట్టుకునే ఇదంతా రాసి మీకు పంపుతున్నాను.